ముఖంలో ఏమీ కనబడకూడదు

నేను ఒక పింగాణీ పళ్ళేన్ని. పూలూ లతలూ ఉన్న పళ్ళెం కాదు, అంచున సన్నటి నీలం గీత, అంతే. నా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదని మొదట్లోనే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. మనుషులు కూడా తమ గురించి ఈ మాటతోనే మొదలుపెట్టి గంటల తరబడి చెబుతుంటారు కదా, ఆ ధైర్యంతో నేనూ మొదలుపెడుతున్నాను.

ఉత్తరాదిలో ఎక్కడో ఒక బట్టీలో పుట్టాను. మట్టి పిసికి, అచ్చులో నొక్కి, ఆరబెట్టి ఒకసారి కాల్చారు. పూత పూసి మళ్ళీ కాల్చారు. ఆ రెండోసారి కాలుతున్నప్పుడు నా అడుగు ఒక పక్కకి కొద్దిగా ఒరిగింది. బయటికి తీశాక ఒకాయన నన్ను గోటితో కొట్టి చూసి, బల్ల మీద పెట్టి చూశాడు. ఊగాను. ఆయన పక్క గుట్టలో పడేశాడు. అలా పుట్టీ పుట్టగానే రెండో రకం సరుకునైపోయాను.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో షామియానాలు, కుర్చీలు, పళ్ళేలు అద్దెకిచ్చే పెద్దమనిషి. పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ రిటైర్మెంటు విందులకీ నన్ను పంపేవాడు. బఫే దగ్గర మనిషి అసలు రంగు బయటపడుతుంది. చేతికి పళ్ళెం రాగానే పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా నిన్నటి నుంచి పస్తున్నట్టు అయిపోతారు. సాంబారులో గులాబ్ జామూన్ మునిగిపోతున్నా పట్టించుకోరు, దాని మీద ఇంకో గరిటె బిరియానీ వేయిస్తారు. సగం తిని, మిగతా సగంలో చెయ్యి తుడుచుకున్న కాగితం కుక్కి, నన్ను టబ్బులోకి గిరాటేసి, భోజనాలేమీ బాగాలేవని చెప్పుకుంటూ వెళ్ళిపోతారు. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. తర్వాత ఏమీ అనిపించడం మానేసింది.

ఆ పెద్దమనిషి ప్లాస్టిక్ పళ్ళేలకి మారినప్పుడు మమ్మల్ని కొన్నది సైలస్ గారు. ఓడల మీద చాలా ఏళ్ళు భోజనాలు వడ్డించే స్టీవార్డుగా పనిచేసి వచ్చిన మనిషి. అక్కయ్యపాలెంలో ఒక మందుల షాపు మీద మేడగది తీసుకుని, హోటళ్ళలో పని వెతుక్కునే కుర్రకారుకి బల్ల దగ్గర మర్యాదలు నేర్పేవారు. ఎలా కూర్చోవాలి, ఎలా తినాలి, ఎలా వడ్డించాలి. తినడం చేతకానివాడికి వడ్డించడం చేతకాదని ఆయన నమ్మకం.

అయితే ఆయన క్లాసులో అన్నం ఉండదు. అన్నం ఎదురుగా ఉంటే మర్యాద గుర్తుండదంటారాయన. అంట్లు తోమే స్పాంజి ముక్కలు కోసి ఒక్కో పళ్ళెంలో ఒక్కోటి పెడతారు. అదే మాంసం, అదే చేప, అదే కేకు. పిల్లలు దాన్ని చాకుతో కోసినట్టు, ఫోర్కుతో ఎత్తినట్టు, నోరు మూసుకుని నమిలినట్టు చెయ్యాలి. 'సార్, ఇంకా ఉడకలేదండి' అని ఎవడో ఒకడు ప్రతి బ్యాచిలోనూ అంటాడు. అందరూ నవ్వుతారు. సైలస్ గారు నవ్వరు. నా బతుకులో సగం మర్యాద లేని అన్నంతో గడిచింది, మిగతా సగం అన్నం లేని మర్యాదతో గడుస్తోంది.

మోచేతులు బల్ల మీద ఆనించకూడదు. చప్పుడు చెయ్యకూడదు. అందరికీ వడ్డించేదాకా ముట్టుకోకూడదు. ఇవన్నీ ఎక్కడైనా నేర్పేవే. సైలస్ గారి సొంత పాఠం ఒకటుంది. ఉప్పు కషాయమైనా, కారం నషాళానికంటినా, నాలుక కాలినా, ముఖంలో ఏమీ కనబడకూడదు. తినేవాడికైనా వడ్డించేవాడికైనా అదే మొదటి మర్యాద. ఈ పాఠం ఆయన ఓడలో నేర్చుకున్నారట. భార్య రూతమ్మగారు పోయాక అది ఇంట్లో కూడా పనికొచ్చిందనుకుంటాను. ఆవిడ గురించి ఎవరైనా అడిగితే, రైలు వెళ్ళిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పేవారు. తను మాత్రం వెనక గదిలో పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే గబగబా తినేసేవారు. ఊరందరికీ బల్ల దగ్గర కూర్చోవడం నేర్పిన మనిషి అన్నమాట!

ఊగే పళ్ళెం కాబట్టి నన్ను ఎప్పుడూ చివరి కుర్చీ ముందు పెట్టేవారు. ఆ ఏడు చివరి కుర్చీలో కూర్చున్న పిల్ల నూకరత్నం. అనకాపల్లి అవతల సముద్రం ఒడ్డున పల్లె. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. సెలవు దొరికినప్పుడు బస్సెక్కి క్లాసుకి వచ్చేది. అన్నీ ఇట్టే పట్టుకుంది గానీ ఒక్కటి మాత్రం రాలేదు. ఫోర్కు పట్టుకుంటే దాని వైపే చూస్తూ ఉంటుంది. తల ఎత్తితే ఫోర్కు జారి నా మీద టంగున పడుతుంది.

"కళ్ళు ఎదుటివాళ్ళ మీద ఉండాలమ్మా, ఫోర్కు మీద కాదు," అన్నారు సైలస్ గారు, నాలుగోసారో అయిదోసారో.

"సూడకపోతే అది సేతిలో ఉందో నేదో తెల్దండి."

"ఎందుకు తెలియదు?"

"ఏళ్ళకి తెల్దు మాస్టారూ. ఐసులో పని కదండి."

సైలస్ గారు ఆమెను కళ్ళు మూసుకోమన్నారు. ఫోర్కు మొనలు ఆమె చూపుడువేలి కొసకి ఆనించి, మెల్లగా నొక్కి, "తగిలిందా?" అని అడిగారు.

"ఇంకా పెట్టనేదు కదండి," అంది నూకరత్నం, కళ్ళు మూసుకునే.

అప్పటికే ఆ వేలి మీద మొనల గుర్తులు లోతుగా పడి ఉన్నాయి. సైలస్ గారు ఫోర్కు తీసి నా పక్కన పెట్టేశారు.

తర్వాత ఆమే చెప్పింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసునీళ్ళలో చేతులు. మొదట తిమ్మిరి, తర్వాత మంట, తర్వాత ఏమీ లేదు. వేడన్నంలో చెయ్యి పెట్టినా తెలియదు, తోలు తెల్లబడిందేమో చూసుకోవాలి. పెద్దాసుపత్రి డాక్టరు, ఐసుకి దూరంగా ఉంటే స్పర్శ మెల్లగా తిరిగి రావచ్చు, ఐసులోనే ఉంటే మాత్రం ఇక రాదు అన్నాడట. షెడ్డు మానేస్తే ఇల్లు గడవదు. తల్లి కాళ్ళు పడిపోయి మంచాన ఉంది. అందుకే ఏదో ఒక హోటల్లో పని దొరకాలని ఈ స్పాంజి తింటోంది. ఆమెకి కావలసింది ఉద్యోగం కూడా కాదు, తన వేళ్ళు.

సైలస్ గారు ఆ రోజు నుంచి ఆమెని క్లాసయ్యాక కూర్చోబెట్టి, తల ఎత్తి ఫోర్కు పట్టుకోవడం సాధన చేయించారు. రత్నం ఫోర్కుని చచ్చేంత గట్టిగా బిగించి పట్టేది. నేను కింద అటూ ఇటూ ఊగేదాన్ని.

సెలక్షను రోజు రానే వచ్చింది. బీచి రోడ్డులోని ఒక పెద్ద హోటలు నుంచి మేనేజరు మేడమ్ వచ్చింది. పిల్లలతో కలిసి భోంచేసి, ఎవరిని తీసుకోవాలో అక్కడే తేల్చేస్తుందట. అందుకని ఆ రోజు నిజం భోజనమే. ఓడల్లో పళ్ళేలు వెచ్చచేసి వడ్డిస్తారని, మమ్మల్ని కూడా కాస్త వెచ్చచెయ్యమని సైలస్ గారు వంటకి పిలిచిన అప్పన్నతో అన్నారు. అప్పన్నకి కాస్త అనే మాట వినబడదు. మమ్మల్ని ఇడ్లీ పాత్రలో పేర్చి, మూతపెట్టి, పలావు దించేదాకా సలసలా కాగుతున్న ఆవిరి పట్టించాడు. బట్టీ తర్వాత అంత వేడి నేను ఎరగను.

పలావు పెట్టి మమ్మల్ని గట్టు మీద వరుసగా ఉంచాడు. వడ్డించడానికి లేచిన కుర్రాళ్ళిద్దరూ ముట్టుకోవడం, చేతులు వెనక్కి లాక్కుని ఊదుకోవడం. గుడ్డతో పట్టుకోవడానికి అతిథి ముందు మర్యాద ఒప్పుకోదు. మేడమ్ గడియారం చూసుకుంది. సైలస్ గారి ముఖంలో యథాప్రకారం ఏమీ లేదు గానీ మెడ మీద చెమట పట్టింది.

నూకరత్నం లేచింది. చేతికి మొదట దొరికిన నన్ను రెండు చేతులా ఎత్తి, నిదానంగా నడిచి, ఎడమ పక్కనుంచి మేడమ్ ముందు పెట్టింది. వెనక్కి వెళ్ళి ఇంకోటి తెచ్చింది. మళ్ళీ ఇంకోటి. అన్నీ తనే వడ్డించి, నేప్‌కిన్ సర్దుకుని కూర్చుంది. ఆమె వేళ్ళు నా అంచుని వదిలినప్పుడు పల్చటి తోలు కొంచెం నాకే అంటుకుపోయింది. ఆమెకి తెలియదు. నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరెక్కడిది?

మేడమ్ ఏమరుపాటున నా అంచు తాకి చటుక్కున చెయ్యి తీసేసింది. రత్నం వైపు కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "అబ్బ, ఎంత నిబ్బరం! ఇది మీరు నేర్పిందేనా సైలస్ గారూ?"

ఆయన రత్నం వేళ్ళ వైపు చూశారు. నిజం చెబితే ఆ పిల్ల రేపు మళ్ళీ ఐసులోకి వెళుతుంది. "అవునండి," అన్నారు.

భోజనం మధ్యలో రత్నం చేతిలోంచి ఫోర్కు జారి కింద పడింది. నెలల తరబడి అందరూ భయపడింది దానికే. తీరా పడ్డాక ఎవరూ చూడనైనా చూడలేదు. అప్పటికే ఆమెకి ఉద్యోగం వచ్చేసింది.

అందరూ వెళ్ళాక సైలస్ గారు ఆమె వేళ్ళకి వెన్న రాశారు. "నొప్పేటీ నేదండి," అని నవ్వింది రత్నం. "ఉజ్జోగం వొచ్చింది కదండి!" ఆ నవ్వు చూస్తే నాకు సంతోషమేసింది. బాధ కూడా వేసింది. రెండూ ఎక్కువ సేపు ఉండలేదు. పళ్ళేలకి ఏదీ ఎక్కువ సేపు ఉండదు, కడిగేస్తారు కదా.

కొన్ని నెలల తర్వాత రత్నం స్వీటు పాకెట్టు పట్టుకుని వచ్చింది. యూనిఫాంలో చక్కగా ఉంది. వేళ్ళకి పట్టీలున్నాయి. హోటల్లో పెనం మీదే బుసబుసలాడుతూ తెచ్చిపెట్టే వంటకాలుంటాయట, పెద్దవాళ్ళ బల్లలకి వాటిని పట్టుకెళ్ళే పని తనకే ఇచ్చారట. అందరూ మెచ్చుకుంటారట.

"వేళ్ళకి ఏమైనా తెలుస్తోందా?" అని అడిగారు సైలస్ గారు.

"ఇంకా నేదండి. రెండు గోళ్ళు ఊడిపోనాయి. వొస్తాయి లెండి."

ఐసు దగ్గర్నుంచి తప్పించుకున్న పిల్ల నిప్పు దగ్గర చేరింది. ఆ సంగతి ఆమెకి తట్టలేదు. మాస్టారికి తట్టింది. ఆయన స్వీటు తీసుకుని, బాగుందమ్మా అన్నారు.

ఆ తర్వాత మేడమ్ ఫోను చేసింది. ఈసారి బ్యాచిలో రత్నం లాంటివాళ్ళే కావాలని, వేడి పళ్ళేలతో ముందే సాధన చేయించి పంపమని. సైలస్ గారు సరేనండి అన్నారు. ఆయన నోట సరేనండి తప్ప ఇంకో మాట విని చాలాకాలమైంది.

మర్నాడు క్లాసులో ఇడ్లీ పాత్రలోంచి నన్నే పైకి తీశారు. ముందు ఆయనే వట్టి చేతులతో పట్టుకుని, గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూపించారు. అరచేతులు కాలుతున్నాయి, నాకు తెలుస్తూనే ఉంది. ముఖం మాత్రం గోడలా ఉంది. "చూశారుగా. ఇప్పుడు నువ్వు రా," అని ఎర్నమ్మ అనే పిల్లని పిలిచారు. శ్రీకాకుళం వైపు పిల్ల, చేరి వారం కూడా కాలేదు. అప్పన్న నన్ను మళ్ళీ ఆవిరిలో పెట్టి తీశాడు.

ఎర్నమ్మ నన్ను రెండు చేతులా ఎత్తింది.

"ఓలమ్మో! ఓలమ్మా, సచ్చిపోనాను!"

మేడ దద్దరిల్లేలా అరిచి నన్ను వదిలేసింది. నేల తాకి మూడు ముక్కలయ్యాను. ఎర్నమ్మ చేతులు విదిలించుకుంటూ, గంతులేస్తూ, నన్నూ నన్ను చేసినవాడినీ నోటికొచ్చినట్టు తిట్టి భోరుమంది. మిగతా పిల్లలు మాస్టారి వైపు చూశారు.

సైలస్ గారు ఆ పిల్లని రెక్క పట్టుకుని కుళాయి దగ్గరకి తీసుకెళ్ళారు. చేతులు నీళ్ళ కింద పెట్టించారు. పక్కనే తన చేతులూ పెట్టారు. తర్వాత తడి చేతులతోనే ఫోను తీసి, మేడమ్‌తో అందరి ఎదుటా మాట్లాడారు.

"మా రత్నం వేళ్ళకి స్పర్శ లేదండి. అది నిబ్బరం కాదు. ఆ రోజు నేను మీకు అబద్ధం చెప్పాను."

మేడమ్ గొంతు ఫోనులోంచి పైకి వినబడింది. "అదేమిటండీ? ఆ అమ్మాయి ఒక్కసారి కూడా కంప్లయింటు చెయ్యలేదే!"

"చెయ్యకూడదని నేర్పింది నేనే. వేడి తగలని పని ఏదైనా ఇవ్వండి ఆ పిల్లకి. ఇవ్వలేకపోతే నా దగ్గరకి పంపేయండి, నేను చూసుకుంటాను. ఐసులోకి మాత్రం మళ్ళీ వెళ్ళనివ్వను. ఒకసారి ఫోను రత్నానికి ఇప్పించండి, ఈ మాట నేనే చెబుతాను."

మేడమ్ ఇప్పించిందో లేదో నాకు తెలియదు. అప్పన్న చీపురు తెచ్చి నా ముక్కల్ని చాటలోకి ఎత్తేశాడు. మెట్లు దిగి చెత్తకుండీ దాకా తీసుకెళ్ళేసరికి కూడా, పైన ఎర్నమ్మ గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. ఆ గదిలో ఎవరూ ఆమెని ఊరుకోమని అనలేదు.