కూత పెట్టినంకనే

కల్లు గీసే ఇస్తారి నోట్లకెల్లి మాట రావాలంటే ఎండాకాలం చేతిబోరు కొట్టినట్టే, కొట్టంగ కొట్టంగ ఒక చుక్క రాలుతది అని అలియాబాద్ల అందరూ నవ్వుతరు. అసుంటి మనిషి దినాం ఒక్క మాట మాత్రం ఊరంతా వినేటట్టు అంటడు. తాటిచెట్టు మొదట్ల నిలబడి, నడుముకు మోకు బిగించుకొని, పైకి చూసి "ఎక్కుతున్ననో..." అని కూత పెడతడు.

ఆ కూత ఇనంగనే చుట్టుపక్కల ఇండ్లల్ల దడి చాటుకు తానం చేసే ఆడోళ్ళు బట్ట సర్దుకుంటరు. ఇంకా కాలేదంటే "ఆగు గౌడా" అని కేకేస్తరు. ఇస్తారి ఆగుతడు. ఎంతసేపంటే అంతసేపు. తాతల నాటి కట్టు అది. కూత పెట్టకుండ చెట్టెక్కినోడు గీతకాడు కాదు, దొంగ.

ఇంకో కట్టు కూడ ఉన్నది. పైనుంచి ఏం కనపడ్డా అది చెట్టు మీదనే ఉండాలె. ఎవడన్న కొంటెగ "ఏం కనపడ్డది గౌడ్" అని అడిగితే జవాబు ఒక్కటే, "లొట్టి చూసిన." లొట్టి అంటే కల్లు కారే కుండ. ఏదన్న కనపడ్డనాడు అదే మాట, ఏదీ కనపడనినాడు అదే మాట.

ఆ పొద్దు ఇస్తారి కాళ్ళు వయసు మర్చిపోయినయి. చెట్టెక్కుతాంటే ఎవరో కిందనుంచి నూకినట్టే ఉన్నది. మనుమరాలు బిందుకు మేడ్చల్ గ్రౌండ్ల ఆ రోజే ఎంపిక. జిల్లా కబడ్డీ టీముకు పిల్లల్ని ఏరుతున్నరు. బిందు ఇంటర్ మొదటేడు చదువుతాంది. కూతకు పోయిందంటే కాలు గాలిల ఉంటది, ఎవరికీ దొరకదు. పోయినేడు గిట్లనే ఎంపికకు పోయి ఆట నడుమనే కుప్పకూలింది. నాయిన నగేష్, "తిండి తినదు, పొద్దంత ఫోను సూస్తది, గీమెకు ఆటేంది" అని ఇల్లు ఎగిరేటట్టు తిట్టిండు. పిల్ల ఒక్క మాట ఎదురు చెప్పలే. ఈసారి కూడ ఆగమైతే ఇగ ఆట బందు అని తీర్పు జేసి పెట్టిండు నగేష్.

కొత్త లొట్టి కట్టుకుంట ఇస్తారి కిందికి చూసిండు. వెంచరోళ్ళు ప్లాట్లకు పాతిన తెల్లరాళ్ళు, వాటి అవతల పల్లె దవాఖాన. ఆటబట్టల మీద చున్నీ కప్పుకున్న ఒక పిల్ల గేటుకాడ నిలబడి, అటు ఇటు చూసి, చటుక్కున లోపలికి పోయింది. మొఖం కనపడలే గని నడక కనపడ్డది. బిందు. కాలేజీకి పోయి అటుకెల్లి అటే మేడ్చల్ పోత అని చెప్పి ఇంట్ల నుంచి ఎల్లిన పిల్ల.

దవాఖాన ఎదురుంగ కిరాణం యాదయ్య దుకాణం బయటికొచ్చి చెవుకు ఫోను పెట్టుకున్నడు. జర సేపటికే కరీంనగర్ రోడ్డు మీదికెల్లి నగేష్ కారు దుమ్ము లేపుకుంట ఊళ్ళెకు మల్లింది. నగేష్ తుర్కపల్లి ల్యాబులల్ల పనిచేసేటోళ్ళను తిప్పే డ్రైవరు. ఆ యాళ్ళ ఊళ్ళె ఉండే మనిషి కాదు.

ఇస్తారికి సమజైంది. పెండ్లి కాని పిల్ల ఒక్కతే, తల్లి తోడు లేకుండ, లేడీ డాక్టరు దవాఖాన్లకు చాటుగ పోయిందంటే ఊరికి ఒక్కటే అర్థం. వేరే అర్థం ఊరు ఎతకదు.

దిగిండు. దిగిండంటే మాట వరసకే, జారిండు. నిండిన లొట్టి చెట్టు మీదనే మర్చిపోయిండు. ఇన్నేండ్ల గీతల ఆ పని ఎన్నడు చెయ్యలే. కాళ్ళు నేలకు ఆనే యాళ్ళకు కారు వచ్చి పక్కనే ఆగింది. నగేష్ అద్దంలకెల్లి తల బయటపెట్టి అడిగిండు.

"బాపు, ఇప్పటిదాంక పైన్నే ఉన్నవు గద. బిందు దవాఖాన్లకు పోయిందా?"

ఇస్తారి నాలిక మీద లొట్టి ముచ్చట ఉన్నది. తరాల నాటి జవాబు. గని పిల్లను కాపాడాలన్న తొందరల నోరు తప్పింది.

"చెట్టు మీది ముచ్చట నన్ను అడగకు" అన్నడు.

అన్నంక తెలిసింది ఏం జేసిండో. ఏం లేనినాడు ఎవరన్న గట్లంటరా? నగేష్ కారు దవాఖాన దిక్కు తిప్పిండు. మోకు నడుముకు ఏలాడుతాంటే, కత్తి పొది తొడకు కొట్టుకుంటాంటే, ఇస్తారి ప్లాట్ల రాళ్ళ మీదికెల్లి అడ్డం పడి ఉరికిండు. దుకాణం ముందట నుంచి యాదయ్య "పైలం గౌడ్, కల్లు కంటె ముందు నువ్వే ఒలికిపోతవు" అన్నడు.

దవాఖాన్ల సూది కోసం వచ్చిన ఆడోళ్ళు బల్ల మీద కూసున్నరు. లోపలి గదికి నీలం పరదా. పరదా ముందట డాక్టర్ ఆతియా నిలబడ్డది. శామీర్‌పేట పిల్లనే, చిన్న వయసు, మాట మెత్తన, నిలబడే తీరు మాత్రం గడపకు కొట్టిన మేకు.

నగేష్ గట్టిగనే అడిగిండు. తన బిడ్డ ఎందుకొచ్చింది, ఏం చెప్పింది, ఏం మందిచ్చిండ్రు. డాక్టరమ్మ ఓపికగ చెప్పింది. పిల్లకు ఇంకా పద్దెనిమిది నిండలే గాబట్టి స్కానింగు గానీ పెద్ద ఇలాజు గానీ ఇంటి పెద్దలు లేకుండ చెయ్యనని, ఆ మాట పిల్లకు కూడ చెప్పిన్నని, ఎవరినన్న తోలుకొని రమ్మన్ననని. అట్లని పిల్ల తనతోని చెప్పుకున్న ముచ్చట మాత్రం పిల్లదేనని.

"నేను కన్న నాయినను మేడం" అన్నడు నగేష్. "రేపు దానికేమన్న అయితే ఏడ్చేది నేను, మీరు కాదు. నాకు హక్కు లేదా?"

"ఉంది భయ్యా. ఆమెను అడుగుండ్రి. నన్ను అడగకుండ్రి."

"ఊరు అనుకునే ముచ్చట కాదని ఒక్క మాట చెప్పుండ్రి, చాలు. పోత."

బల్ల మీది ఆడోళ్ళు ఇటే చెవులు పెట్టిండ్రు. ఆతియా తల అడ్డం ఊపింది.

"ఇయ్యాల మీకు 'అది కాదు' అని చెప్పిన్ననుకో. రేపు ఇంకో పిల్ల నాయిన వచ్చి అడుగుతడు. అప్పుడు నేను నోరు మూసుకుంటే ఏమైతది? అదే అని తేలిపోతది. అందుకే ఎవ్వరి ముచ్చట ఎవ్వరికీ చెప్ప. ఉన్నా చెప్ప, లేకున్నా చెప్ప."

ఇస్తారి నెత్తి మీద ఎవరో సల్లనీళ్ళు కుమ్మరించినట్టయింది. గదే కట్టు. లొట్టి చూసిన. చెట్టు కింద తను తప్పింది ఏందో గీ పిల్ల పరదా కాడ నిలబడి తప్పకుండ నిలబెడుతాంది.

నగేష్ మొఖం ఎర్రగయింది. డాక్టరమ్మ పక్కకెల్లి చెయ్యి చాపి పరదా పట్టుకున్నడు. గుంజితే అయిపాయె. లోపల బిందు ఎట్లున్నదో ఏమో, అందరి ముందట బయటపడుతది. ఆ తర్వాత ఆమె నాయిన మొఖం జన్మల చూస్తదా? మేడ్చల్ పోతదా?

"నగేషా."

ఇస్తారి గొంతు. ఆడోళ్ళందరు ఇటు తిరిగిండ్రు, ఈ మనిషికి మాటొస్తదా అన్నట్టు.

"కూత పెట్టకుండ ఎక్కినోన్ని ఏమంటరు రా?"

నగేష్ చెయ్యి పరదా మీదనే ఆగింది. చిన్నప్పుడు ఒకపారి కూత మరిచి చెట్టెక్కినందుకు బాపు నడిమెల నుంచి దింపి, ఇంటింటికీ తిప్పి, ప్రతి దడి కాడ తప్పయింది అనిపిచ్చిండు. ఆ సిగ్గుకే చెట్టు ఇడిసిపెట్టి స్టీరింగు పట్టిండు నగేష్. మెల్లగ పరదా ఇడిసిండు. ఒక అడుగు ఎనుకకు జరిగిండు. గొంతు సవరించుకున్నడు.

"ఎక్కుతున్ననో..." అన్నడు.

పరదా ముందట చెట్టెక్కే కూత. బల్ల మీద ఒక ముసలమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. ఇంకో ఆమె ఆపుకోలేక కిసుక్కున నవ్వింది. లోపలికెల్లి బిందు గొంతు వచ్చింది, సగం ఏడుపు, సగం నవ్వు.

"ఆగు గౌడా."

నగేష్ ఆగిండు. జేబుల ఫోను మోగుతాంది, తీయలే. కంపెనీ వాళ్ళు పిలుస్తున్నరు, తీయలే. ఇస్తారికి మాత్రం మేడ్చల్ గ్రౌండే కండ్లల్ల తిరుగుతాంది. పొద్దెక్కుతాంది, పిల్లల పేర్లు పిలుస్తనే ఉంటరు. అయినా ఆగుమన్నంక ఆగుడే.

"రా నాయినా" అన్నది బిందు.

నగేష్ ఒక్కడే లోపలికి పోయిండు. ఇస్తారి బయట్నే నిలబడ్డడు. తనను పిలువలే గద.

బయటికొచ్చినప్పుడు నగేష్ కండ్లు తడిగున్నయి. బిందు ముందుగాల నడుస్తాంది, చున్నీ నడుముకు బిగించుకొని. డాక్టరమ్మ "చెప్పమంటవా బేటా" అని అడిగింది. పిల్ల తల ఊపింది, తాతను కూడ దగ్గరికి రమ్మన్నది. అప్పుడు చెప్పింది ఆతియా, వాళ్ళిద్దరికే వినేటట్టు. నెల వచ్చినప్పుడల్ల పిల్లకు కడుపుల కత్తులు తిప్పినట్టు నొప్పి. పోయినేడు గ్రౌండ్ల పడ్డది అందుకే. తల్లితోని చెప్తే, అందరికి ఉండేదే, ఎగిరితే గర్భసంచి జారుతది, ఆట మానెయ్ అన్నది. నాయినతోని చెప్పడానికి సిగ్గు. ఇయ్యాల పొద్దుగాల మల్ల మొదలైంది. గోళీ ఇచ్చిన, తగ్గింది. స్కానింగుకు వచ్చేవారం నాయినతోని రమ్మన్న. ఆటకు ఏం అడ్డం లేదు, ఏదీ జారదు.

"మరి నన్నెందుకు తిట్టనిచ్చినవే పోయినేడు?" అన్నడు నగేష్.

"నువ్వు తిట్టుడు ఆపితే గద చెప్పేది" అన్నది బిందు.

కారు శామీర్‌పేట దాటి రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డు ఎక్కింది. ఎనక సీట్ల ఇస్తారి, మోకు ఒడిల పెట్టుకొని. అద్దంలకెల్లి గాలి దూసుకొస్తాంటే పిల్ల షూ లేసులు కట్టుకుంటాంది, నగేష్ హారను మీద హారను కొడుతున్నడు, కంపెనీ ఫోనుకు బండి ఖరాబైందని అబద్ధమాడుతున్నడు. మేడ్చల్ గ్రౌండ్ గేటుకాడ ఆగక ముందే బిందు తలుపు తీసి దుంకింది. మైకుల ఆమె పేరు రెండోపారి పిలుస్తున్నరు.

మొదటి కూతకే ఇద్దరిని ముట్టి వచ్చింది. తర్వాతి కూతల నలుగురు మీదపడి పట్టుకుంటే, కిందపడి కూడ చెయ్యి చాపి గీత అందుకున్నది. నగేష్ కట్ట మీద నిలబడి ఎవరిదో పిలగాని భుజాలు పట్టుకొని ఊపుతున్నడు. ఇస్తారి చేతులల్ల మోకు నలిగిపోయింది.

సాయంత్రం జిల్లా టీము బనీను భుజం మీద ఏసుకొని పిల్ల కారు దిగింది. యాదయ్య దుకాణం మెట్ల మీద తయారుగ కూసున్నడు. బిందు ఇంట్లకు పోయేదాంక చూసి, గొంతు తగ్గించి అడిగిండు.

"ఏం నగేషూ, దవాఖాన్ల ఏం తేలింది?"

నగేష్ కారు తలుపు ఏసిండు. చిన్నప్పుడే చెట్టు ఇడిసినోడు, లొట్టి ముట్టనోడు, సక్కగ యాదయ్య మొఖంల చూసి చెప్పిండు.

"లొట్టి చూసిన."

ఇస్తారి నవ్విండు. నవ్వుకుంటనే చెట్టు దిక్కు నడిచిండు. పొద్దటి లొట్టి పొంగి పొంగి తాటి మొద్దు పొడుగునా తెల్లగ కారింది, ఈగలు ముసిరినయి. మొదట్ల నిలబడి, మోకు బిగించి, పైకి చూసి కూత పెట్టిండు.