ఆగండి అత్తయ్యా!

ఆ ఇంట్లో సూప్ అంటే ఉప్పుకషాయమే. మామగారు తాగుతారు, కొడుకు తాగుతాడు, పెళ్ళయి ఇంకా ఏడాది నిండని కోడలూ కిక్కురుమనకుండా తాగుతుంది. "ఎలా ఉంది?" అని అత్తగారు అడిగితే ముగ్గురూ ఒకే గొంతుతో "బాగుంది" అంటారు. తర్వాత మంచినీళ్ళ కూజా మీద పడతారు. పిల్లి మెడలో గంట కట్టే మొనగాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు.

అత్తగారు సామాన్యురాలు కాదు మరి. అణువిద్యుత్ కేంద్రంలో షిఫ్టు సూపర్‌వైజర్. కంట్రోల్ రూమ్‌లో ఆవిడ వెనకాల అందరూ ఉరుములమ్మ అంటారు, ముందు మాత్రం మేడమ్ అంటారు. కోడలు కూడా అక్కడే ఆపరేటర్. ఒకే ఇంటివాళ్ళను ఒకే షిఫ్టులో వేయరు కాబట్టి ఇన్నాళ్ళూ ఆ పిల్ల ప్రాణానికి హాయిగా ఉంది. తీరా ఏటా జరిగే పరీక్ష నాటికి అత్తగారి షిఫ్టులో ఒకాయన కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన కుర్చీలో కోడలిని కూర్చోబెట్టారు.

పరీక్ష అసలు కంట్రోల్ రూమ్‌లో కాదు, అచ్చం అలాగే కట్టిన నమూనా గదిలో. మీటలు అవే, దీపాలు అవే, రియాక్టర్ మాత్రం ఉత్తుత్తిది. అద్దం వెనక కూర్చున్న పరీక్షకుడు ఏదో ఒకటి చెడగొడతాడు, షిఫ్టువాళ్ళు చక్కదిద్దాలి. తప్పితే షిఫ్టు మొత్తం మళ్ళీ బడికెళ్ళాలి. అత్తగారు ఇంతవరకు ఒక్క పరీక్షా తప్పలేదు. ఆ రికార్డు తన చేతిలో విరిగితే ఆ ఇంట్లో తన బతుకు ఏమవుతుందో కోడలు ఊహించుకోను కూడా లేకపోయింది.

మొదట్లో అంతా సాఫీగానే సాగింది. ఇంతలో అలారం మోగింది. రియాక్టర్‌కు చల్లటి నీళ్ళు తోసే పంపుల్లో ఒకటోది వేడెక్కుతోంది. అత్తగారు చకచకా బదులు పంపును ఆన్ చేయించింది. ఇక వేడెక్కినదాన్ని ఆపాలి.

"రెండో పంపు ఆపు," అంది ఆవిడ.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. చెప్పిన మాటను తిరిగి చెప్పాలి, మీట మీదున్న పేరు మీద వేలుపెట్టి పైకి చదవాలి, ఆ తర్వాతే తిప్పాలి. "రెండో పంపు ఆపుతున్నాను," అని కోడలు తిరిగి చెప్పింది. వేలు పెట్టింది. చదివింది. పక్కనే ఒకటో పంపు దీపం ఎర్రగా వెలుగుతోంది. రెండోది దివ్యంగా ఉంది!

కోడలు పక్క ప్యానెల్ దగ్గరున్న మీసాలాయన వైపు చూసింది. ఆయనా ఎర్రదీపం చూశాడు, చూసి పైకప్పును పరీక్షించడం మొదలుపెట్టాడు. మిగిలినవాళ్ళూ అంతే. నోరు విప్పితే పరీక్షకుడి ముందు అత్తగారి పరువు పోతుంది. విప్పకపోతే మంచి పంపు ఆగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోడలి చెయ్యి మీట మీదే ఉంది. కానీ తిప్పబుద్ధి కాలేదు.

"ఆగండి అత్తయ్యా!" అని అరిచింది.

వెంటనే నాలుక కరుచుకుంది. "అంటే... మేడమ్... వేడెక్కింది ఒకటోది. మీరు రెండోది అన్నారు," అని గొణిగింది కోడలు.

అత్తగారు ప్యానెల్ దగ్గరకు వచ్చి తన కళ్ళతో చూసుకుంది. "ఆపరేటర్ చెప్పింది కరెక్ట్. నేనన్నది తప్పు. ఒకటో పంపు ఆపు," అంది. గొంతులో ఉరుము లేదు.

పరీక్ష అయ్యాక పరీక్షకుడు నవ్వుకుంటూ వచ్చాడు. "పంపు పేరు తప్పు చెప్పడం నేను పెట్టిన చిక్కు కాదండీ, అది మీ సొంత చేర్పు. పట్టుకున్నారు కాబట్టి గట్టెక్కారు. కాకపోతే కంట్రోల్ రూమ్‌లో చుట్టరికాలు వద్దమ్మా."

బస్సులో ఇంటికి చేరేదాకా అత్తగారు కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. కోడలు మనసులోనే పెట్టె సర్దేసుకుంది.

భోజనాల దగ్గర నలుగురికీ సూప్ వచ్చింది. అత్తగారు గరిటె పక్కన పెట్టి సూటిగా కోడలినే అడిగింది. "ఎలా ఉంది?"

కోడలు ఒక చెంచా తాగింది. పొద్దున అంత సాహసం చేసి ఇప్పుడు అబద్ధమాడటం ఆమెకు సిగ్గనిపించింది. "ఉప్పు ఎక్కువైందత్తయ్యా."

మామగారి చెంచా ఠంగుమని కింద పడింది.

"అమ్మయ్య!" అంది అత్తగారు. "నేను వేసేది చిటికెడే. తాగితే సముద్రంలా ఉంటుంది. మీరంతా బాగుందంటున్నారుగా, నా నాలుకే చెడిందనుకున్నాను. ఎవరు చేశారని కాదు, ఎలా జరిగిందో చెప్పండి చాలు."

మామగారు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చివరికి నోరు విప్పాడు. "పెళ్ళయిన కొత్తలో ఓసారి ఉప్పు మర్చిపోయావు. చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అప్పట్నుంచీ నువ్వు చూడనప్పుడు ఓ చెంచా నేనే వేస్తున్నా."

కొడుకు పకపకా నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. "ఇవాళ నాకు భయమేసింది," అంది మెల్లగా. "పరీక్ష పోతుందని కాదు. నేను తప్పు చెప్పాక తలెత్తి చూస్తే అందరూ పైకప్పు చూస్తున్నారు. నా మాటంటే వాళ్ళకి గౌరవమని మురిసిపోయాను ఇన్నాళ్ళూ. నువ్వే లేకపోతే ఆ గదిలో నేను ఒంటరిదాన్నే, అమ్మాయ్." కోడలికి కళ్ళు చెమర్చాయి. సర్దిన పెట్టె అప్పటికప్పుడే విప్పేసుకుంది.

మర్నాడు మళ్ళీ సూప్. నలుగురూ చెంచాలు ఎత్తారు, నలుగురూ దించారు. ఉప్పు అన్నదే లేదు. ఆయన వేస్తాడని ఆవిడ, ఆవిడ వేస్తుందని ఆయన ఊరుకున్నట్టున్నారు. కోడలు నోరు తెరవబోయింది. అంతలో మామగారు చెయ్యి పైకెత్తి ఆమెను ఆపాడు. గొంతు సవరించుకున్నాడు. ఒకసారి చాలక రెండోసారి కూడా సవరించుకున్నాడు.

"ఏమోయ్, ఇందులో ఉప్పు లేదు."

అత్తగారు వెంటనే లేచింది. "ఉప్పు లేదు," అని ఆయన మాట తిరిగి చెప్పి, ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఈ ముక్క కోసం నేను పెళ్ళయినప్పట్నుంచీ ఎదురుచూస్తున్నానండీ."