కుడి లీవర్

విమానం చేలో పడి కాలిపోయింది. లోపలున్న పద్నాలుగు మందీ మంటలు అంటుకునేలోపే బయటికి దూకి బతికి బట్టకట్టారు. చిక్కంతా ప్రొపెల్లర్ల దగ్గరే వచ్చింది.

ఆగిపోయింది కుడి ఇంజిన్. ఇంజిన్ ఆగితే లీవర్ లాగి, దాని ప్రొపెల్లర్ రెక్కల్ని గాలికి అంచుగా తిప్పాలి. ఫెదరింగ్ అంటారు. లేకపోతే ఎదురుగాలిలో చేట అడ్డంగా పట్టుకుని నడిచినట్టే. తీరా శిథిలాల్లో చూస్తే, నిక్షేపంగా ఉన్న ఎడమ ఇంజిన్ రెక్కలు అంచుగా తిరిగి ఉన్నాయి.

కుడి లీవరే లాగానని పైలట్ విచారణలో మూడుసార్లు చెప్పాడు. అబద్ధమాడే మనిషి కాదు. అలాగైతే లీవర్ల తీగలు తారుమారై ఉండాలి. వారం కిందట వాటిని బిగించిన మెకానిక్ అతని బావమరిదే. తీగలేమో మంటల్లో కరిగిపోయాయి. రేపు బావ ఆ వాంగ్మూలం మీద సంతకం పెడితే బావమరిది లైసెన్సు ఊడినట్టే.

బావమరిది పొద్దున్నే వచ్చాడు. బిగించాక రెండుసార్లు లాగి చూశానన్నాడు. కాసేపటికి, చూశాననే అనుకుంటున్నానన్నాడు. అక్క ఇద్దరికీ కాఫీ ఇచ్చి, ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్లింది.

చివరికి అతను రెండు గొడుగులు తెచ్చి, బావ కుర్చీ పక్కన పరుపుకీ మంచానికీ మధ్య పక్కపక్కనే గుచ్చాడు.

"కళ్లు మూసుకో బావా. కుడి ఇంజిన్ పోయింది."

"కుడి," అంటూ పైలట్ లాగాడు.

చేతిలో ఎడమ గొడుగు ఉంది.

మళ్లీ అదే. మూడోసారి గొడుగు టప్పున తెరుచుకుంది. "ఇంట్లో వానేమిట్రా?" అంది లోపల్నుంచి అక్క.

బావమరిదికి ఏదో తట్టింది. నేలమీదే విమానం నడిపించి పరీక్ష పెట్టే సిమ్యులేటర్లో, కుడి ఇంజిన్ ఆపే స్విచ్ పాడైందన్నావే, అది ఎప్పటినుంచి అని అడిగాడు. పైలట్ వేళ్లు మడిచి చూశాడు. ఆరేళ్లు. బాగుచేయించడం బద్ధకమై శిక్షకుడు ప్రతి పరీక్షలోనూ ఎడమదే ఆపేవాడు. అందరికంటే ముందు లీవర్ లాగి శభాష్ అనిపించుకునేది తనే.

"కానీ నేను లాగింది కుడిదేరా. దాని చల్లదనం ఇంకా వేళ్లకి తెలుస్తోంది."

"ఇందాకా కుడి అనే లాగావు బావా."

పైలట్ వాంగ్మూలం ముందేసుకున్నాడు. "లాగాను" అన్న మాట కొట్టేసి "లాగాననుకున్నాను" అని రాశాడు. కింద స్విచ్ సంగతీ రాశాడు. సంతకం పెట్టి, తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, కాగితం బావమరిదికి అందించాడు.

"ఈ చెయ్యి నేను చెప్పిందే రాసిందో లేదో చూడరా."