వల కింద లారీ

దోమతెర కాదు, దోమతెర కానే కాదు, దాని కంతలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే తీరు, యుద్ధంలో లారీని దాచడానికి కప్పే వల అంత బుద్ధిగా ఉండదు, బ్యాండేజీ గుడ్డ, అవును, మందుల డబ్బాలో ఇన్నాళ్ళూ నా కళ్ళెదుటే పడివుంది, పట్టకారుతో ఒక పోగు వదిలి ఒక పోగు లాగేస్తే చాలు, ఇదిగో, నా జానెడు బొమ్మ లారీకి సరిపోయే వల, కంతలు ఆవగింజంత, కొన్ని సాగి, కొన్ని ముడుచుకుని, అసలైన వలలాగే, కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా కంటికానని మరలు బిగించే చెయ్యి కదా, టీ డికాషన్‌లో నానబెట్టి, ఆకుపచ్చ రంగు చిలకరించి తీగ మీద ఆరేశానో లేదో పెరట్లోంచి అత్తయ్య కేక, ఏమ్మా, దెబ్బ ఎవరికి తగిలింది, ఇన్ని కట్లు ఆరేశావు, లారీకి అత్తయ్యా, ఆ బల్ల మీద బొమ్మకా, దాన్ని చూసుకున్నంత ప్రేమగా మావాణ్ణి కూడా చూసుకోవే తల్లీ, మీవాడికి ఎన్ని వలలు కప్పినా నోరు బయటే ఉంటుంది అత్తయ్యా, ఆవిడ పగలబడి నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను, గాలికి వల ఊగుతోంది, త్వరగా ఆరవే, త్వరగా.

సాయంత్రమే కదా ప్రదర్శన, హాలు నిండా బల్లలు, బల్లల మీద అందరి బొమ్మలూ, చేతిలో భూతద్దంతో మీసాలాయన, బహుమతులు తేల్చేది ఆయనే, నిరుడు నా ట్యాంకు ముందు వంగి, రంగులు బాగా కలిపావమ్మా, ఆడవాళ్ళకి అలంకరణ పుట్టుకతోనే వస్తుంది, మరి రేకులు బిగించే ఈ బుల్లి రివెట్లు ఎవరు పెట్టిచ్చారు, మీ ఆయనా, అన్నాడు, మా ఆయనా! గోడకి మేకు కొట్టమంటే వేలికి కొట్టుకునే మనిషి, పళ్ళికిలించి ట్యాంకు సర్దుకున్నాను, ఇంటికొచ్చాక తగిన జవాబులు వరసగా తోసుకొచ్చాయి, ఏం లాభం, ఆ రాత్రే మనసులో పడింది, ఈసారి లారీ తలుపు నిండా రివెట్లు, సూదిమొనతో ఒక్కో జిగురు చుక్క, ఊపిరి బిగబట్టి, ఒక్కటి చెదిరినా గీకేసి మళ్ళీ మొదటినుంచి, చూడవయ్యా, భూతద్దం కాదు, దుర్భిణి పెట్టుకుని చూడు.

వల ఆరింది, నీళ్ళు కలిపిన జిగురులో ముంచాను, పైన చల్లడానికి ఎండుటాకుల పొడి, టీ జల్లెడలో జల్లించింది, అసలు వలకి కట్టే గుడ్డపేలికల్లా అతుక్కుంటోంది, లారీ చుట్టూ చీపురుపుల్లలు నిలబెట్టి మీద పరిచాను, అంతే, లారీ మాయం, మూలలు లేవు, చక్రాలు లేవు, ఏదో పొద, ఏదో మట్టిదిబ్బ, ఎంత బాగా కుదిరింది, మా ఆయన గుమ్మంలోంచి తొంగి చూసి, ఏమోయ్, నెలల తరబడి సింగారించి చివరికి గోనెసంచి తొడిగావా, నీ రివెట్లు ఏవీ, కనబడవే, నిజమే, కనబడవు, ఒక్కటీ కనబడదు, అయ్యో, ఇంత కష్టమూ వల పాలేనా, మీసాలాయన వంగి చూసి, పొద బాగుందమ్మా, అంటాడు, వద్దు, జిగురు ఇంకా తడిగానే ఉంది, తలుపు వైపు అంచు పట్టుకుని పైకి మడిచేశాను, తెర ఎత్తినట్టు, రివెట్లు తళతళా, ఇప్పుడు బాగుంది, అన్నాడు మా ఆయన, బాగుంది కదూ, అన్నాను, అవునా, బాగుందా.

జిగురు బిగుసుకుంటోంది, ఇంకాసేపైతే మడత మడతలాగే ఉండిపోతుంది, మీసాలాయన చూసినట్టే చూద్దామని భూతద్దం పట్టుకుని పైనుంచి వంగాను, మడత సందులోంచి కనిపించింది తలుపు కాదు, కిటికీ అవతల డ్రైవరు, సీటు ఖాళీగా బోసిపోతోందని నేనే కూర్చోబెట్టిన బొటనవేలంత మనిషి, ఒక బూటు విప్పుకుని, కప్పు పట్టుకుని, కాస్త కునుకు తీద్దామా అన్నట్టు తల వెనక్కి వాల్చాడు, ముఖం సరిగ్గా నా వైపే, నేను ఆకాశంలో ఉన్నాను, శత్రువు విమానం నేనే, ఇంత పెద్ద కన్నేసి వెతుకుతున్నాను, దొరికాడు, ఒక్క క్షణంలో దొరికిపోయాడు, నా రివెట్లే పట్టిచ్చాయి వాణ్ణి, చెయ్యి దానంతటదే కదిలింది, మడత విప్పాను, ఇంకా సాగుతోంది, హమ్మయ్య, తలుపు మీదుగా, చక్రాల మీదుగా నేల దాకా దించి, అంచు మీద ఇంకో పిడికెడు ఆకుపొడి, ఏయ్, మళ్ళీ మూసేశావేం, అంటున్నాడాయన, గట్టిగా నవ్వొస్తోంది నాకు, ఉష్, మాట్లాడకండి, పడుకున్నాడు, ఎవరు, అని ఆయన వెతుకుతున్నాడు, వంగి, పక్కకి జరిగి, బల్లకి ముక్కు ఆనించి వెతుకుతున్నాడు, కనబడటం లేదు, ఆయనకి కనబడటం లేదు, ఇక సాయంత్రం మీసాలాయన భూతద్దంతో వచ్చి, అటూ ఇటూ చూసి, ఇక్కడేమీ లేదనుకుని పక్క బల్లకి వెళ్ళిపోవాలి, అదే నాకు కావాలి, ఇంకేమీ వద్దు.