సహనానికి హద్దు

సముద్రం అవతల రెండు పెద్ద దేశాలు కొట్టుకు చస్తుంటే, తాము ఎవరి పక్షమూ కాదని ఈ దేశం చెప్పుకుంది. ఆ మాట ఓడల మీదకి ఎక్కించే పని పెయింటర్‌ది. రేవులో ఓడ పక్కన తాళ్ళకి వేలాడే పలక మీద కూర్చుని ఇంటి గోడంత జెండా వేసేవాడు. దాని పక్కనే మనిషి ఎత్తు అక్షరాలతో 'తటస్థ దేశం' అని రాసేవాడు.

అతని బావమరిది ధాన్యం ఓడలో బాయిలర్‌కి బొగ్గు వేసేవాడు. పైనుంచి తొంగిచూసి ఆట పట్టించేవాడు.

"బావా, ఆ 'స్థ' కింద వత్తు సరిగ్గా పెట్టు. తప్పు రాశామని కాల్చినా కాలుస్తారు."

"నీ నోట్లో దుమ్ము పొయ్య. నా అక్షరాలు నేను చూసుకుంటా. నువ్వెళ్ళి నీ పొయ్యి చూసుకో."

"మా అక్క కోపం ముందు ఈ పొయ్యి చల్లన బావా."

ఆ ప్రయాణంలోనే ఓడ మునిగింది. బతికొచ్చిన కొద్దిమందిలో ఓడ వంటవాడు ఒకడు. కట్టు కట్టిన చేత్తో పెయింటర్ ఇంటికొచ్చి, గడప దగ్గరే కూలబడ్డాడు.

"పట్టపగలు అక్కయ్యా. జలాంతర్గామి పైకి తేలి మా చుట్టూ తిరిగింది. ఒకడు దుర్భిణి పెట్టి జెండా చూశాడు, రాత చూశాడు. చదివాడు కదా, ఇక పోతాడులే అనుకున్నాం. లోపలికి దిగి మూత వేసుకున్నాడు. ఆ తర్వాత కొట్టారు."

"మా తమ్ముడు?" అంది పెయింటర్ భార్య.

వంటవాడు తల దించుకున్నాడు. "నీళ్ళు ముందు బాయిలర్ గదిలోకే వచ్చాయి."

ఆమె ఏడవలేదు. చీర మార్చుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని రేవు అధికారి దగ్గరకి వెళ్ళింది. ఆయన కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"పొరపాటు జరిగిందని వాళ్ళు విచారం తెలిపారమ్మా. మనవాళ్ళు నిరసన పంపారు."

"పొరపాటెలా అవుతుందండీ? చదివి మరీ కొట్టారు," అన్నాడు పెయింటర్.

"అయితే ఏం చెయ్యమంటావయ్యా? ఒక్క ఓడ కోసం దేశం మొత్తాన్ని నిప్పుల్లోకి తొయ్యమంటావా?"

ఆమె ముందుకి జరిగింది.

"యుద్ధం చెయ్యమని నేనడగలేదు బాబూ. ఇంకో తల్లి కడుపుకోత నాకెందుకు? పొరపాటు అనొద్దు. చంపారు అని ఒక్కమాట అనండి. చాలు."

"అలా అనడానికి లేదమ్మా. మనం తటస్థులం."

ఆ తర్వాత కూడా ఓడలు వెళ్తూనే ఉన్నాయి, మునుగుతూనే ఉన్నాయి. మునిగిన ప్రతిసారీ అటు నుంచి విచారం వచ్చేది, ఇటు నుంచి నిరసన వెళ్ళేది. పెయింటర్‌కి మాత్రం అక్షరాలు ఇంకా పెద్దవి చెయ్యమని ఆర్డర్ వచ్చింది. గుడ్డివాడికి అద్దం చూపించినట్టుందని అతను పళ్ళు కొరుక్కుంటూ రాశాడు.

చివరికి ఒక ప్రయాణికుల ఓడ మునిగింది. మొదటి తరగతిలో మిల్లు యజమానులు, మంత్రిగారి తమ్ముడు, ఆయన భార్య ఉన్నారు. వారం తిరక్కుండా సభ కూడింది. మన సహనానికీ హద్దుంటుందని మంత్రి రేడియోలో వణికే గొంతుతో చెప్పాడు. దేశం యుద్ధంలో దిగింది.

"హద్దు మొదటి తరగతి గుమ్మం దగ్గర గీసుకున్నారన్నమాట," అంది ఆమె, రేడియో కట్టేసి. "బాయిలర్ గది హద్దుకి ఇవతల."

రెండోరోజు రేవు అధికారి స్వయంగా ఇంటికొచ్చాడు. గొంతులో తేనె కారుతోంది.

"మీ తమ్ముడి ఫొటో ఒకటి కావాలమ్మా. సైన్యంలో చేరేవాళ్ళకి స్ఫూర్తిగా ఉంటుంది. శత్రువులు అతన్ని దారుణంగా చంపారు కదా."

"ఇప్పుడు చంపారా? మొన్నటిదాకా పొరపాటేగా."

ఆమె తలుపు వేసేసింది.

ఆమె ఇవ్వకపోతే వాళ్ళ పని ఆగుతుందా? మర్నాటికల్లా బజారు గోడలన్నీ పోస్టర్లే. 'బాయిలర్ వీరుడి రక్తం పిలుస్తోంది' అని రాసుంది. దాని మీద ఎవరో కోరమీసాల అందగాడి బొమ్మ. ఆమె తమ్ముడికి మీసమే లేదు.

ఆమె గోరుతో అంచు లేపి పోస్టర్ బర్రున చింపింది. ఇంకోటి చింపింది. కానిస్టేబుల్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"నేరమమ్మా ఇది."

"ఈ మొహం మావాడిది కాదు."

"ఎవరి మొహమైతే ఏంటమ్మా. జనానికి రోషం రావాలి, అంతే."

సాయంత్రం దాకా ఆమెని స్టేషన్ బల్ల మీద కూర్చోబెట్టారు. పెయింటర్ సంతకం పెట్టి విడిపించాడు. బయటికొచ్చాక అతను తన సంచీలోంచి రంగు గీకే రేకులు రెండు తీసి, ఒకటి ఆమె చేతికిచ్చాడు. ఇద్దరూ మలుపులో ఉన్న గోడ దగ్గరకి నడిచారు, దాని మీది పోస్టర్ గీకడం మొదలుపెట్టారు.

ఆ గోడ వెంబడే సైన్యంలో చేరేవాళ్ళ వరుస ఉంది. వాళ్ళు వీళ్ళని చూస్తూనే ఉన్నారు. వరుస మాత్రం ముందుకి కదులుతూనే ఉంది.