నలభై మిషన్ల నీచు

రాజాంలో ఎరువుల కొట్టు మీది మేడలో ఉన్న ఆ ఆఫీసుకి ధర్మేంద్ర రోజూ తొమ్మిదింటికి వస్తాడు. ముందు కిటికీలు తీస్తాడు, ఊదొత్తి వెలిగిస్తాడు, ఆ తర్వాత గాని ల్యాప్‌టాప్ మూత తియ్యడు. భక్తి కాదు. క్లౌడ్‌లో ఏ మిషను పాడైనా ఇక్కడ కీబోర్డు సందుల్లోంచి నీచు కంపు వస్తుంది. ఆ మిషన్లు రాజాంలో లేవు. ఎక్కడో ఒక పెద్ద కంప్యూటరు తనలో తాను ఇరవై కంప్యూటర్లని ఊహించుకుంటుంది, అందులో ఒకదాన్ని మనకి అద్దెకిస్తారు. కంపు మాత్రం ఇక్కడికే వస్తుంది. కింద కొట్టువాళ్లు "ఏటి, మీ సర్వరు పోనాదా?" అని మెట్ల దగ్గర్నించే అడిగి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని బస్తాలు తూచుకుంటారు.

కొత్తగా చేరినవాళ్లకి ఆ ఊహల కంప్యూటర్లని సిద్ధం చెయ్యడం ధర్మేంద్ర పని. ఒక్కోదానికీ ముప్పైనాలుగు మెట్లు. ఇది ఎక్కించు, అది మార్చు, తాళాలు పెట్టు, డేటాబేసుని లేపు. అన్నీ కాగితం మీద రాసి గోడకి అంటించాడు. పంతొమ్మిదో మెట్టు: "రాకపోతే ఇంకోసారి". మొదటిసారి ఎందుకు రాదో, రెండోసారి ఎందుకొస్తుందో రాసినవాడికే తెలీదు. రాసినవాడు తనే.

నీచంటే అతనికి పరమ అసహ్యం. పుట్టింది సముద్రపొడ్డున. తల్లి కూర్మమ్మ ఎండుచేపలమ్ముతుంది. ఆ వాసన రాని ఉద్యోగమే చెయ్యాలని చిన్నప్పుడే ఒట్టేసుకున్నాడు. డిగ్రీ తప్పి, వీడియోలు చూసి, సగం అర్థమై సగం కాక కంప్యూటర్లు నేర్చుకున్నాడు. తీరా చేరింది ఇక్కడ. నీచుకొట్టే కంప్యూటర్లున్న మేడ లోకంలో ఒక్కటే ఉంటే, దాన్ని వెతుక్కుంటూ వచ్చే తెలివి తనకే ఉందని గడ్డం గీసుకునేటప్పుడల్లా తనని తనే మెచ్చుకుంటాడు.

శుక్రవారం ఓనరు భావనారాయణ పిలిచాడు. తాతముత్తాతలు గుళ్లో కీర్తనలు పాడినవాళ్లు. ఆయనది ఉల్లిపాయ పొట్టుని కూడా సహించని ముక్కు.

"సోమవారం పదింటికి విశాఖ కంపెనీ తాలూకు నలభైమంది చేరతారయ్యా. నలభై మిషన్లు కావాలి. చేత్తో చేస్తూ కూర్చుంటే నెల పడుతుంది. స్క్రిప్టు రాయి. ఒక్క మీట నొక్కితే అన్నీ వాటంతటవే తయారవ్వాలి. అయ్యాయా, ఆఫీసులో ఒక పర్మనెంటు ఉద్యోగం ఉంది. కాలేదా, సోమవారం సాయంత్రం నీ కుర్చీ ఖాళీ."

స్క్రిప్టులో మెట్లన్నీ రాయాలంటే ప్రతి మెట్టూ ఎందుకో తెలియాలి. తెలీదు కాబట్టి ధర్మేంద్ర తెలివి వాడాడు. వాళ్లింట్లో కొత్త కుండలో చేప ఊరేసేటప్పుడు పాత కుండలోని ఉప్పునీళ్లు గ్లాసుడు పోస్తారు. కలిసొస్తుందని నమ్మకం. మరి తను మూడేళ్లుగా వాడుతున్న మిషను బాగానే నడుస్తోంది కదా! దాన్నే ఉన్నదున్నట్టు అచ్చు తీసి, నలభైసార్లు పొయ్యమని పదకొండు వరసల్లో రాసేశాడు.

శనివారం పొద్దున్న మీట నొక్కాడు. నాలుగు నిమిషాల్లో నలభై పచ్చదీపాలు వెలిగాయి. ఐదో నిమిషంలో కంపు లేచింది.

వానలో తడిసి, వారంపాటు గోనెసంచిలో మగ్గిన కవళ్ల చేపల కంపు. ఊదొత్తి ఆరిపోయింది. ఈగలొచ్చి తెర మీద వాలాయి. పక్క కుర్చీలో కోడు రాసుకునే హేమ ఉప్మా డబ్బా మూసేసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మిషన్లు ఒక్కొక్కటే తెరిచి చూసింది.

"ఏటి సేసినావు ధర్మేంద్రా? నా పేరుతో లోపలికెల్తే నీ పేరు వస్తన్నాది. నీ తాళాలు, నీ పాత ప్రాజెక్టులు, ఆఖరికి నీ బయోడేటా కూడా ఉన్నాది. 'నాయకత్వ లక్షణాలు మెండు' అట! నలభై కాపీలు!"

"కానీ నా మిషను ఎప్పుడూ కంపు కొట్టలేదే!"

"మూడేళ్లనుంచి కొడతన్నాది. నీకే తెలీదు. బాధపడతావని మేం సెప్పలేదు."

అప్పుడే మెట్ల మీద గొంతు వినిపించింది. "ఎవుడ్రా కుళ్లిన సరుకు పోసినోడు? సంతలో సెడ్డపేరు నా గంప మీదకొస్తాది!" కూర్మమ్మ. సంతకొచ్చినప్పుడల్లా కొడుక్కి అన్నం గిన్నె కింద ఇచ్చి పోయేది. పైకి రావొద్దని అతనే చెప్పాడు. ఇవాళ చెప్పినా వినేటట్టు లేదు. గంప గుమ్మంలో దించి, చేప మొప్ప ఎత్తినట్టు ల్యాప్‌టాప్ మూతని రెండు వేళ్లతో ఎత్తి వాసన చూసింది.

"ఇవి నలభై సేపలు కావురా. ఒక్కటే సేప. కడుపు తియ్యకుండా ఎండేసినావు. లోన పాతది మూడు రకాలు ఒకదాని మీదొకటి పేరుకున్నాది."

హేమ చూసింది. నిజమే. పైథాన్ అనే ప్రోగ్రాము తాలూకు మూడు వయసుల వెర్షన్లు ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి.

"మరి మనింట్లో పాత ఉప్పునీళ్లు పోస్తాం కదమ్మా?"

"గ్లాసుడు పోస్తాం రా ఎదవా! అదీ వడగట్టి. కుండ కుండంతా బోర్లిస్తామేట్రా?"

నలభై మిషన్లనీ చెరిపేశారు. ధర్మేంద్ర ఉత్త ఖాళీ మిషను తీసుకుని, పాతదాంట్లోంచి పనికొచ్చే నాలుగు సెట్టింగులు మాత్రం ఏరుకుని, ముప్పైనాలుగు మెట్లూ ఒక్కొక్కటే స్క్రిప్టులో రాశాడు. ఒక్కో మెట్టు నడవగానే కూర్మమ్మ వంగి వాసన చూసేది. పంతొమ్మిదో మెట్టు దగ్గర మొహం చిట్లించింది.

"ఇక్కడ తొందరపడ్డావు. తడారకముందే ఎత్తేసినావు."

డేటాబేసు ఇంకా లేవకముందే తర్వాతి మెట్టు దాని తలుపు కొడుతోంది. అది పలికేదాకా ఆగమని ఒక్క వరస రాస్తే సరిపోయింది. ఆ వరస తెలియక మూడేళ్లు ప్రతిదీ రెండుసార్లు నడిపిన మనిషి, కాసేపు తల్లి మొహం చూడలేకపోయాడు.

పొద్దువాలేసరికి మళ్లీ నలభై దీపాలు వెలిగాయి. ఈగలు వెళ్లిపోయాయి. ఏ వాసనా లేదు.

సోమవారం పదింటికి నలభైమందీ ఎవరి పేరుతో వాళ్లు లోపలికెళ్లారు. భావనారాయణ ముక్కు మీంచి జేబురుమాలు తీసి మడిచి, శనివారం సంగతంతా హేమ చెప్పగా విని, కూర్మమ్మని పిలిపించమని చెప్పి, ఆర్డరు కాగితం తనే టైపు చేశాడు.

"మీట నొక్కడానికి ఇక హేమ చాలు. ఏది కుళ్లిందో చెప్పడానికి మనిషి కావాలి. నీ ముక్కు సంగతి నీకే తెలుసు కదయ్యా" అని ధర్మేంద్ర చేతికే ఇచ్చి, చదివి వినిపించమన్నాడు.

ధర్మేంద్ర చదివాడు. పర్మనెంటు. కూర్మమ్మ పేరు. అక్షరదోషం కూడా లేదు.

"వస్తాను గానీ బాబూ," అంది కూర్మమ్మ, "నా గంప ఎవురు అమ్ముతారు?"

భావనారాయణ, హేమ, కూర్మమ్మ ముగ్గురూ ధర్మేంద్ర వైపే చూశారు.

తర్వాతి శనివారం సంతలో ధర్మేంద్ర ఎండు నెత్తళ్ల చేపల గంప ముందు కూర్చున్నాడు. మొదటి బేరానికొచ్చిన మరిడమ్మ అనే ఆవిడ గుప్పెడు ఎత్తి, "మంచివేనా?" అనడిగింది.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "నా ముక్కు పనిచెయ్యదు. మీరే సూసుకోండి."

ఆమె వాసన చూసి, ఇంకో రెండు గుప్పెళ్లు పొట్లంలో వేసుకుంది. ఆమె వెనకున్నావిడ తనే చూసుకుంది. అమ్మేవాడు అలా చెప్పడం ఆ సంతలో ఎవరూ ఎరగరు. మధ్యాహ్నం దాటకుండానే గంప అడుగు కనిపించింది.