మొదటి గింజ

"ఎంత కాపు కాసిందో చూడు! మా చిన్నకోడలి చెయ్యి అంత మంచిది" అంది హనుమాయమ్మ, పెరట్లో బీరపాదు దగ్గర నిలబడి పక్కింటి ఖుర్షిదాతో. ఆ పాదుకే నీళ్ళు పోస్తున్న పెద్దకోడలు కోటేశ్వరి చేతిలో బిందె అలాగే ఆగిపోయింది.

ఏటా ఇదే తంతు. తొలకరి పడగానే మంగళగిరి నుంచి తోటికోడలు శ్రీదివ్య కారు దిగాలి, మొదటి గింజ ఆవిడే వెయ్యాలి. వేలికొసలకు అంటిన మట్టి కడుక్కుని, అత్తగారిచ్చిన కాఫీ తాగి, సాయంత్రానికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత పందిరి వెయ్యడం, పురుగులు ఏరడం, మిరప చేలో కలుపు తీసొచ్చి నడుం విరిగిపోతున్నా బోరు దగ్గర్నుంచి బిందెలు మొయ్యడం, ఎండిన కాయల్లోంచి గింజలు తీసి బూడిద కలిపి డబ్బాల్లో దాచడం, ఇవన్నీ ఎవరి చేతులు చేస్తున్నాయో ఈ ఇంట్లో ఎవరికీ కనపడదు. మొగుడు అంకమ్మరావుతో చెప్పుకుంటే, "అమ్మ ఏదో సరదాకి అంటది. దానిక్కూడా కుళ్ళుకుంటావేంటే?" అని అటు తిరిగి పడుకున్నాడు.

కుళ్ళే! దాచుకోవడం ఎందుకు? శ్రీదివ్య పగలని మడమలు చూస్తే కుళ్ళు. "తిన్నావా అమ్మా?" అని ఆ పిల్లని మాత్రమే అడిగే అత్తగారి గొంతు వింటే కుళ్ళు. పోనీ, అది గయ్యాళిదైనా బాగుండేది, హాయిగా తిట్టుకోవడానికి. "అక్కా, అక్కా" అంటూ వెనకాలే తిరుగుతుంది, ముదనష్టపుది! చివరికి విత్తనానికని గుడ్డపీలిక కట్టి వదిలిన బీరకాయని చూసినా కోటేశ్వరికి ఒళ్ళు మండేది. దాని జోలికి ఎవరూ పోరు. పెళ్ళయి వచ్చాక తనని అలా ఒక్క పూటైనా వదిలేశారా?

ఖుర్షిదా అటు వెళ్ళగానే కోటేశ్వరి పాత చీర ఒకటి చింపింది. బీర, బెండ, వంగ, చిక్కుడు, ఏదీ వదలకుండా కాయకాయకీ పీలిక కట్టేసింది. కొత్త పిందెలు దిగినకొద్దీ వాటికీ కట్టింది. హనుమాయమ్మ చూసి లబోదిబోమంది గానీ, విత్తనానికి గుడ్డ కట్టిన కాయ కొయ్యడమంటే ఆవిడకే భయం, ఇంటికి అరిష్టమని. బెండకాయలు ముదిరి పీచెక్కాయి. వంకాయలు పండి పసుప్పచ్చగా తిరిగాయి. ఇంట్లో రోజూ పప్పే.

ఒక ఆదివారం శ్రీదివ్య వచ్చింది. ఎప్పట్లాగే సంచులు పట్టుకుని పెరట్లోకి వచ్చిన అత్తగారు పాదుల్ని చూసి మళ్ళీ మండిపడింది.

"చిన్నదానికి ఇద్దామంటే ఒక్క లేతకాయ లేకుండా చేశావు గదే! ఇన్ని విత్తనాలు ఏం చేసుకుంటావే?"

శ్రీదివ్య నవ్వేసింది. "పోన్లెండి అత్తయ్యా. నా చెయ్యి మంచిదని మీరంటారు గానీ, మా బాల్కనీ కుండీల్లో నేను వేసింది ఒక్కటీ మొలవలేదు."

కోటేశ్వరి తోటికోడలి చేతివంక చూసింది. ఇన్నేళ్ళూ కుళ్ళి చచ్చింది ఈ చేతిని చూసా?

"అక్కడి మట్టి మంచిది కాదులే అమ్మా" అంది హనుమాయమ్మ తడుముకోకుండా.

కోటేశ్వరికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ మింగి అత్తగారి కళ్ళలోకి చూసింది.

"అంతా మట్టిలోనే ఉంటే, ఈ మట్టిని రోజూ తడుపుతోంది ఎవరత్తయ్యా? వచ్చే తొలకరికి మొదటి గింజ నేనే వేస్తా. మొలవకపోతే అందరం పచ్చడి మెతుకులే తిందాం."